మహాదేవమ్మ మగ్గానికి మెరుగు

ఆదోని పట్టణ ప్రజలకు, పరిసర గ్రామాల వాసులకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, మన ప్రాంతంలో ఇకమీదట వడ్రంగుల అవసరం లేదు. ఆ భారాన్ని కూడా పత్తి వ్యాపారులు స్వచ్ఛందంగా తమ భుజాన వేసుకున్నారు. ఇప్పటికే ఇన్ని భారాలు మోస్తున్న భుజాలు, ఇంకొకటి ఎక్కితే విరిగిపోతాయా?

ఈ మహత్కార్యానికి మూలపురుషుడు రంగనాయకులు శెట్టిగారు. పత్తి మార్కెట్లో ఆయన పేరు తెలియనివారు లేరు. దూదిపోగు తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య ఇట్టే లాగి, పింజ పొడుగుదా పొట్టిదా, ఏ చేనుది, ఎన్నోసారి ఏరిన పత్తి అని చెప్పేసేవారు. యంత్రాలు వచ్చి అదే పని చెయ్యడం మొదలుపెట్టాక బొటనవేళ్ళకు పని తగ్గింది, రక్తపోటు పెరిగింది. డాక్టరు చూసి, చేతులతో చేసే పని ఏదైనా పెట్టుకోమన్నాడు. పాపం ఆ డాక్టరు, తోటపని చేస్తారేమో అనుకున్నాడు.

ధాన్యం వ్యాపారి కొడుకు శశికాంత్ అనే యువకుడు ఆ సమయంలోనే ఆయన కంటబడ్డాడు. ఇతడు ఫోనులో చెక్కపని వీడియోలు చూసి మహా పండితుడైనవాడు. వీడియోలో జపాను ముసలాయన చెక్క మీద చిత్రిక పడుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఇంట్లో తలుపు బందు ఊడిపోతే మాత్రం వాళ్ళమ్మను కేకేస్తాడు. ఈ ఇద్దరి సమాగమంతో ఆదోని గృహ దారుశిల్ప సంఘం వెలిసింది. ఇంటి వెనకాల ఉన్న శెట్టిగారి పాత పత్తి గోడౌనే దాని కర్మాగారం.

ముందు పనిముట్లు కొన్నారు. ఇదిగో, ఇక్కడ మన సంఘాన్ని మెచ్చుకోక తప్పదు. గోడ కనబడకుండా కొన్నారు. లాగితే కోసే జపాను రంపాలు, తోస్తే కోసే మన రంపాలు, ఆ రెండింటిలో ఏది గొప్పదో తేల్చడానికి ఒక ఉపసంఘం. ఆ ఉపసంఘం ఇంతవరకు దేనితోనూ ఒక్క చెక్క ముక్క కూడా కొయ్యలేదు. కోస్తే పక్షపాతం చూపినట్టవుతుందట. అంతటితో ఆగారా? ‘మన వారసత్వం’ అనే గోడ ఒకటి కావాలన్నాడు శశికాంత్. ఎమ్మిగనూరులో తిమ్మప్ప అని మగ్గాలు చేసే వడ్రంగి ఒకడు మిగిలి ఉన్నాడు. అతని దగ్గరున్న ఉలులు, చెక్కే బాడిస, తొలిచే బరమా, వాళ్ళ తాత నాటి చిత్రిక, అన్నీ ఒక్క రోజున తెచ్చేశారు. వాటిని ఆ గోడకు ఎక్కించి, ‘అంతరించిపోతున్న కళ’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి కింద తగిలించారు. పనిముట్లు లేని తిమ్మప్ప ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు. మేస్త్రీ కింద సిమెంటు మోయడానికి పోతున్నాడని తర్వాత తెలిసింది. బోర్డు మీద రాసింది అక్షరాలా నిజమైందని సంఘం సంతోషించింది.

ప్రారంభోత్సవం దసరా ఆయుధపూజ నాడు పెట్టుకున్నారు. పనిముట్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. రిబ్బను కట్టారు. కొయ్యబోయేసరికి పురోహితుడు అడ్డుపడ్డాడు. పూజలో ఉన్న ఆయుధాన్ని ఉద్వాసన చెప్పకుండా కదపరాదట. కోసే పనిముట్లు గోడ నిండా వేలాడుతూ ఉండగా, శెట్టిగారి భార్య ఈశ్వరమ్మ వంటింట్లోంచి వంకాయల కత్తిపీట తెచ్చి రిబ్బను కోసింది. సంఘ చరిత్రలో ఆ గోడౌనులో జరిగిన మొదటి కోత అదే.

మర్నాడు ఉద్వాసన చెప్పాక శెట్టిగారు ఉలి చేతికి తీసుకున్నారు. పదునెంతో తెలియాలి కదా. నలభై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? దూదిని చూసినట్టే ఉలి అంచును బొటనవేళ్ళ మధ్య పట్టుకుని లాగారు. కుడి బొటనవేలు తెగింది. ఈ సరుకు మంచిదే అన్నారు, నెత్తురు కారుతుండగా. పక్కన ఇంకో కంపెనీ ఉలి ఉంది. రెండు నమూనాలు చూడకుండా సరుకు ఖాయం చెయ్యడం మార్కెట్లో పుట్టినవాడి లక్షణం కాదు. దాన్నీ అలాగే లాగారు. ఈసారి ఎడమది.

“పత్తి సూసేటోళ్ళు పత్తి సూడాల. ఇనుము సూస్తే ఇట్లే ఉంటాది” అంటూ ఈశ్వరమ్మ పసుపు అద్దింది. రెండు వేళ్ళకూ బూరెలంత కట్లు కట్టారు. ఆ కట్లతో పనిముట్టు పట్టడం కుదరదు. అంచేత శెట్టిగారు సిద్ధాంతంలోకి దిగారు. చెక్క ఎలా కొయ్యాలన్న చర్చ ముగిసింది, చెక్కకు ఏ మెరుగు పెట్టాలన్న చర్చ మొదలైంది. కొయ్యని చెక్కకు మెరుగేమిటని మీరు అడుగుతారు. సంఘంలో సభ్యత్వం లేనివారు అలాగే అడుగుతారు.

మెరుగుల విషయంలో ఆదోని రెండుగా చీలింది. అవిసెనూనె, తేనెమైనం పట్టించాలన్నవారు నూనె వర్గం. డబ్బా వార్నిష్ కొట్టాలన్నవారు వార్నిష్ వర్గం. ఆదివారం సమావేశాల్లో గొంతులు లేచేవి. నిశ్చయమైపోయిన ఒక సంబంధం ఈ గొడవలోనే తప్పిపోయింది. “పిల్లగాడు బంగారమే అప్పా, వాళ్ళ నాయన వార్నిష్ మనిషి, ఎట్ల ఇస్తాం?” అన్నారు ఆడపిల్లవారు. అవతలివారు మాత్రం తక్కువ తిన్నారా, పిల్ల వాళ్ళింట్లో అవిసెనూనె కంపు భరించలేమన్నారు.

శెట్టిగారు నిష్పక్షపాతి. రెండూ ఇంట్లోనే పరీక్షించారు. కుంచెను చుట్ట పట్టుకున్నట్టు చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించుకుని చపాతీ పీటకు వార్నిష్ కొట్టారు. ఆ వారం ఆ ఇంట్లో చపాతీలు అద్దాల్లా మెరిశాయి, తిన్నవాళ్ళు మెరవలేదు. పూజగదిలో పీటకు ముందు నూనె, దాని మీద వార్నిష్ కొట్టారు. సత్యనారాయణ వ్రతం నాడు పురోహితుడు లేచి నిలబడితే పీట కూడా ఆయనతోపాటు లేచింది.

“ఇంగ నా ఇంట్లో ఒక్క చెక్క ముట్టుకున్నారంటే సూడండి. మంచంకోడు, రోకలి, కవ్వం, అన్నీ లెక్కబెట్టి పెట్టుకున్నా. యాడన్నా బయట పోయి పూసుకోండి, మీ పుణ్యముంటుంది” అంది ఈశ్వరమ్మ. ఆమె అన్న ఆ మాటే ఎమ్మిగనూరు కొంపమీదికి వచ్చింది.

శశికాంత్ ఆ వారమే కొత్త జ్ఞానం పట్టుకొచ్చాడు. నూనె, వార్నిష్ రెండూ పామరుల మెరుగులట. అన్నిటికన్నా గొప్పది చేతి మెరుగు. ఏళ్ళ తరబడి మనుషుల చేతులు రాసుకుని, చెమట పట్టి, చెక్కకు దానంతటదే వచ్చే నిగారింపు. విదేశాల్లో దానికోసం తల తాకట్టు పెడతారట. డబ్బాలో దొరకదు. దొరకదు అన్న మాట విన్న వ్యాపారికి నిద్ర పడుతుందా?

ఈశ్వరమ్మకు ఏటేటా ఒక నేతచీర కట్టుకునే అలవాటు. ఎమ్మిగనూరులో మహాదేవమ్మ దగ్గరే నేయించుకుంటుంది. ఆ ఇంట్లో నేసేది మహాదేవమ్మ. మొగుడు శేషన్న చేనేత సమస్యల మీద సభల్లో మాట్లాడుతుంటాడు, కాబట్టి అతనికి నేయడానికి తీరిక ఉండదు. ఆ ఏడు ఉల్లిపొర రంగు చీరకు ఎర్ర అంచు చెప్పింది ఈశ్వరమ్మ. ఎంతవరకు వచ్చిందో చూద్దామని పోతుంటే శెట్టిగారు కూడా కారెక్కారు, శశికాంత్ ఎక్కాడు.

మహాదేవమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. సగం చీర అయింది. అడ్డపోగు పడినప్పుడల్లా ఆమె చేత్తో లాగి కొట్టే పలక, ఆ పలక పై కర్ర, కిటికీ వెలుగులో తళతళమంటోంది. మధ్యలో చెయ్యి పట్టే చోట కర్ర అరిగి చిన్న గుంత పడి ఉంది. శెట్టిగారు దాన్ని చూశారు. ముట్టుకుని చూద్దామంటే రెండు బొటనవేళ్ళకూ కట్లు. ఇక ఆగలేక వంగి, మగ్గం మీదికి పోయి, ఆ కర్రకు చెంప ఆనించారు. కళ్ళు మూసుకున్నారు.

“ఏమైందన్నా, కండ్లు తిరుగుతాండాయా? నీళ్ళు తెచ్చేదా?” అంది మహాదేవమ్మ, నేత ఆపి.

“ఏం పూసినావమ్మా దీనికి? ఏ కంపెనీది?” అన్నారు శెట్టిగారు, చెంప తియ్యకుండానే.

ఆమెకు నవ్వాగలేదు. “కంపెనీ యాడిదన్నా! మా అత్త చెయ్యి అది. ఆ గుంత సూసినావా, ఆమె చెయ్యి పడి పడి అయింది. నేను ఈ ఇంటికి వచ్చిన దినమే నా చెయ్యి పట్టుకొని తెచ్చి ఆ గుంతలో పెట్టింది. అప్పుడు నా చెయ్యి సిన్నది, సాలలే. ఇప్పుడు సూడు, సరిగ్గా కూసుంటాది.” అంటూ చెయ్యి పెట్టి చూపించింది.

శశికాంత్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇలాంటి సంపదను ఒక మారుమూల ఇంట్లో పనిలో పెట్టి పాడుచెయ్యడం అన్యాయమన్నాడు. ఆదోనిలో చేనేత సభ దగ్గరలోనే ఉంది, ఈ మగ్గాన్ని ఆదోనికి తీసుకుపోయి, ఈ మెరుగు శాశ్వతంగా నిలిచేట్టు సంఘం తరఫున శాస్త్రోక్తంగా సంరక్షించి, సభలో ప్రదర్శించి, వారంలో తిరిగి ఇచ్చేస్తామన్నాడు. మహాదేవమ్మ ముఖంలో నవ్వు పోయింది.

“మగ్గం పెరికేస్తే నేనేం జెయ్యాలన్నా? అది ఆడితేనే మా పొయ్యి ఎలిగేది. పడుగు మీద చీర ఉండాది, అక్కదే అది. సగంలో కోస్తే మంచిదా?” అంది ఈశ్వరమ్మ వైపు చూస్తూ.

“ఆయమ్మ మాట ఇనండి. నా చీర కానీండి ముందు” అంది ఈశ్వరమ్మ. రెండు ఊళ్ళ ఆడవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు, అంచేత ఆ మాటను ఎవరూ లెక్కచెయ్యలేదు. పైగా, ఫ్లెక్సీ మీద శేషన్న ఫొటో నిలువెత్తున వేయిస్తామని, ‘చేనేత భీష్మ’ బిరుదు ఇస్తామని శశికాంత్ అప్పుడే అనేశాడు.

“జాతికి అంకితం ఇస్తాండాము, అడ్డం రావాకు” అన్నాడు శేషన్న పెళ్ళాంతో. ‘జాతి’ అంటే ఆ మగ్గం మీద కూర్చునే మనిషి కాదని అతనికి బాగా తెలుసు. పడుగు కొయ్యడానికి మహాదేవమ్మకు చేతులు రాలేదు. శేషన్నే కోశాడు. ఆ మగ్గానికి అతను చాలా ఏళ్ళ తర్వాత చేసిన పని అది.

మగ్గం ఆదోని చేరింది. శెట్టిగారి కట్లు విప్పేశారు. సంఘం మొట్టమొదటిసారిగా నిజమైన పనికి పూనుకుంది. మెరుగు నిలవడానికి పైన పూత పడాలి. ఏ పూతైనా పట్టాలంటే ముందు పాతది ఏది ఉన్నా ఉప్పుకాగితంతో రుద్ది తీసేసి కొత్త చెక్క బయటపెట్టాలని డబ్బా మీద రాసి ఉంది. డబ్బా మీద రాసింది ఇంగ్లీషులో, కాబట్టి సందేహించడానికి లేదు. సభ్యులందరూ వంతులవారీగా రుద్దారు. మోటారుతో తిరిగే రుద్దుడు యంత్రం మీద చెయ్యి వేసి ఒక్కొక్కరు ఫొటో దిగారు. అత్తాకోడళ్ళ చేతుల కింద రెండు తరాలుగా పట్టిన మెరుగు మధ్యాహ్నం కాఫీ వేళకు పొడిగా రాలి గోడౌను నేల మీద పడింది. తుడిచి బయట పారబోశారు. పలక కర్రలో గుంత ఉండడం లోపంగా గుర్తించి, అందులో లప్పం కూరి చదును చేశారు.

పూత ఏదన్న ప్రశ్న మళ్ళీ లేచింది. సంఘం చీలిపోయే ప్రమాదం వచ్చింది. ప్రజాస్వామ్యంలో ఇలాంటప్పుడు ఏం చేస్తారో అదే చేశారు. ముందు అంతటా నూనె, దాని మీద అంతటా వార్నిష్. పురోహితుడి పీట సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. రుద్దడానికి మెత్తని నూలుగుడ్డ కావాలని డబ్బా మీద ఉంటే, మగ్గంతో పాటు చుట్టి వచ్చిన గుడ్డ ఒకటి చేతికి తగిలింది. చింపి తలా ఒక పీలిక పంచుకున్నారు. కాఫీలు తెచ్చిన ఈశ్వరమ్మ ఆ పీలికల ఉల్లిపొర రంగు చూసి, ఎర్ర అంచు చూసి, కాఫీ పళ్ళెం అలాగే నేల మీద పెట్టేసింది.

“కొండనాలుక్కు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. మీరు నాలుక్కూడా సంచిలో ఏసుకొని పోయేరకం” అంది. ఆ మాటను సంఘం ప్రశంసగా స్వీకరించింది.

పూత ఆరలేదు. సభ మర్నాడే. త్వరగా ఆరుతుందని పెద్ద ఫ్యాను వేశారు. అది పత్తి గోడౌను కదా, దూలాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దూది ఉంది. ఫ్యాను తిరగ్గానే అది నింపాదిగా దిగివచ్చి మగ్గం మీద నలుమూలలా అతుక్కుంది. పొద్దున తలుపు తీసేసరికి మగ్గానికి బొచ్చు మొలిచి ఉంది. మనకు ఉపన్యాసాలు ఎందుకున్నాయి? ఇలాంటప్పటికే.

సభలో రంగనాయకులు శెట్టిగారు మైకు పుచ్చుకుని ఇలా సెలవిచ్చారు: “సోదర సోదరీమణులారా! ఆదోని పత్తి ఎమ్మిగనూరు మగ్గాన్ని చేరడానికి ఇంతకాలం నూలు కావాల్సి వచ్చింది, మిల్లు కావాల్సి వచ్చింది. ఈ రోజు మన సంఘం కృషి వల్ల పత్తి నేరుగా మగ్గాన్ని ఆలింగనం చేసుకుంది. ఈ దృశ్యం చూడడానికి మన పెద్దలు నోచుకోలేదు!” జనం చప్పట్లు కొట్టారు. శేషన్నకు బిరుదు ఇచ్చి శాలువా కప్పారు. శాలువా మరమగ్గం సరుకు. దూరం నుంచి తెలియదు.

మహాదేవమ్మను కూడా వేదిక మీదికి పిలిచారు, ఫొటోలో ఆడమనిషి ఉంటే బాగుంటుందని. ఆమె ఎవరినీ చూడలేదు. సూటిగా మగ్గం దగ్గరికి పోయింది. తాడు కట్టి ‘ముట్టుకోరాదు’ అని పెట్టిన అట్టను పక్కకు తోసి, దూది కింద తడుముతూ పలక కర్రను పట్టుకుంది. చెయ్యి అటూ ఇటూ జరిపింది. మళ్ళీ జరిపింది. గుంత దొరకలేదు. చెయ్యి తియ్యబోతే బంకకు అంటుకుని, ఊడిరాలేదు.

“ఈడ మా అత్త చెయ్యి ఉండె” అంది. “యాడబెట్టినారప్పా? మా అత్త చెయ్యి యాడబెట్టినారు?”

ఇంతకు ముందు కన్నా గట్టిగా చప్పట్లు మోగాయి. భావోద్వేగంతో కూడిన ప్రసంగం ఆ సభలో అదొక్కటేనని మర్నాటి పేపరు మెచ్చుకుంది.

మాట తప్పని సంఘం మగ్గాన్ని వారంలోనే తిరిగి ఇచ్చింది. మహాదేవమ్మ దూదంతా గీకింది, కొత్త పడుగు ఎక్కించి కూర్చుంది. పలక ముందుకు వచ్చి బట్టకు అంటుకుంది, వెనక్కి పోనన్నది. అడ్డపోగు మోసే నాడె సగం దారిలో కూలబడింది. పోగులు పటపట తెగాయి. ఆ పూత గీకి, పలక కొత్తది చెయ్యాలంటే చెయ్యగలిగినవాడు తిమ్మప్ప. సిమెంటు మోసి మోసి తెల్లబడిన మనిషి వచ్చి చూసి, “చేసిస్తా వదినా. చేతులుండాయి. సామాను శెట్టి గోడకు ఉండాది” అన్నాడు.

మహాదేవమ్మ బస్సెక్కి ఆదోని పోయింది. ఒక్క దినానికి తిమ్మప్ప ఉలి, చిత్రిక ఇమ్మని అడిగింది. శెట్టిగారు నొచ్చుకున్నారు. ఆయన మనసు మంచిది, ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. వారసత్వ గోడ మీంచి ఒక్కటి తీసినా ఆ వరుస వెలితిగా కనిపిస్తుందని, పైగా వాటితో పనిచేస్తే అరిగిపోతాయని శశికాంత్ వివరించాడు. పోనీ, గోడ నిండా ఇన్ని ఉన్నాయి కదా, మీరే ఒక పలక చేసివ్వండి అంది ఆమె. తయారీ అనేది సంఘం ఆశయాల్లో లేదన్నారు.

“అయితే నా చేతులు పెట్టుకొని నేనేం జెయ్యాల?” అంది మహాదేవమ్మ.

అందరూ ఆ చేతుల వైపు చూశారు. శెట్టిగారు ఆమె అరచేతిని పట్టుకుని, మానిన బొటనవేలితో పరీక్షగా రుద్ది చూసి, శశికాంత్ వైపు తిరిగి తల ఊపారు. సరుకు ఖాయమైంది.

ఇప్పుడు మహాదేవమ్మ పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని గోడౌనుకు వస్తుంది. సభ్యులు కొన్న కొత్త కుర్చీలు, బల్లలు, ఊతకర్రలు ముందు పెట్టుకుని సాయంత్రం దాకా అరచేత్తో రుద్దుతుంది. చేతి మెరుగు, అసలు సిసలుది. నూనె వర్గం, వార్నిష్ వర్గం రెండూ రాజీపడి ఆమె దగ్గరికే పంపుతున్నారు. తప్పిపోయిన ఆ సంబంధం కూడా మళ్ళీ కుదిరిందట. రుద్దుతూ ఆమె అప్పుడప్పుడు తల ఎత్తి ఎదురు గోడ మీద తిమ్మప్ప చిత్రికను చూస్తుంది. ఎమ్మిగనూరులో శేషన్న మగ్గాన్ని ముందుగదిలో పెట్టి, బిరుదు పత్రం దాని మీద తగిలించి, వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు. ఈశ్వరమ్మ ఈ ఏడు చీర కొనలేదు. ఎందుకని శెట్టిగారు అడిగితే, ఉన్న పీలికలు చాలన్నదట.

చేతులకు పని లేదని ఏడ్చింది కదా, పని దొరికింది, ఇంకేం కావాలి అంటున్నారు ఊళ్ళో పెద్దమనుషులు. అయ్యో, మీరు అలా అన్నారని నేను అనడం లేదు. చదువుకున్నవారు, మెత్తని మనసువారు, ఇంతవరకు చదివి నాలుగుసార్లు చుచ్చుచ్చు అని కూడా అనుకుని ఉంటారు. మీ ఉయ్యాల బల్ల నిన్ననే గోడౌనుకు వచ్చింది. వరుసలో ఉంది. మెరుగు బాగా పట్టాలని మీరు చెప్పి పంపిన మాట ఆమెకు చెప్పాము.